ఎడమ పక్క సీటు

నాకు కోపం ఎక్కువని మొయినాబాద్‌లో అందరూ అంటారు. ఇరవై ఏళ్లుగా బండ్ల వైరింగు పని చేస్తున్నవాడికి కోపం కాక ఇంకేం మిగులుతుంది? డాష్‌బోర్డు విప్పినప్పుడల్లా లోపలి వైర్లతో పాటు మనుషుల బుద్ధి కూడా బయటపడుతుంది. పోయిన మంగళవారం బయటపడినంత మాత్రం ఎన్నడూ చూడలేదు.

ముడిమ్యాల ఊరి హన్మయ్య కాక నెల కిందట, ముందూ వెనకా సీట్లున్న పాత డబుల్ క్యాబిన్ పికప్ కొన్నాడు. పన్నెండేళ్ల బండి. రోజూ కూరగాయల మూటలు వెనకేసుకొని, భార్య పెంటమ్మను పక్కన కూర్చోబెట్టుకొని మార్కెట్‌కు పోతాడు. ఆ రోజు నా షాపుకూ ఇద్దరూ కలిసే వచ్చారు.

"బాల్‌రాజూ, గీ డాష్‌బోర్డు ఎడమ పక్క మూత కోసి పెద్ద స్పీకర్ పెట్టు. పాటలు లేకుంటే నిద్రొస్తున్నది," అన్నాడు కాక.

"అది ఉత్త మూత కాదు కాకా. దాని కింద ఎయిర్‌బ్యాగ్ ఉంటది. బండి గుద్దుకుంటే ఉబ్బి, చిన్నమ్మ తలకాయ పగలకుంట ఆపుతది."

"అయితే దాన్ని జర పక్కకు జరుపు."

జరపడానికి అదేమైనా మంచమా! సరే, ఒకసారి విప్పి చూపిస్తే గానీ ఈయనకు ఎక్కదనుకున్నాను. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి పోయే ముందు బ్యాటరీ తీగ ఊడదీసి పది నిమిషాలు ఆగాలి. లేకపోతే మన మొహం మీదే పేలుతుంది. ఆ పది నిమిషాలూ "ఇంకెంతసేపు" అంటూ కాక నా ప్రాణం తోడేశాడు.

మూత తీయగానే ఎలుకల కంపు గుప్పుమంది. బ్యాగు ఉండాల్సిన చోట చినిగిన టవలు, థర్మాకోల్ ముక్కలు కుక్కి ఉన్నాయి. టవలు నిండా ఎలుక పెంటికలు. పసుపు వైరు కొసన, బ్యాగుకు తగిలించాల్సిన చోట, బియ్యపు గింజంత రెసిస్టర్ గుచ్చి టేపు చుట్టారు. బ్యాగు ఉందని బండిని నమ్మించడానికి అది. అందుకే తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్ ఎర్ర లైటు వెలిగి, అంతా బాగున్నట్టు బుద్ధిగా ఆరిపోయేది. పైగా మూతకు పాలిష్ కూడా కొట్టారు. పైన పటారం, లోన లొటారం!

"థూ! చిన్నమ్మ ముంగట బ్యాగు లేదు కాకా, ఎలుకల గూడు ఉన్నది."

"లైటు మంచిగనే ఆరుతున్నది గద?"

"ఆరేటట్టు చేసిండ్రు!"

పెంటమ్మ ఆ టవలునే చూస్తూ నిలబడింది. "నెల దినాల సంది నేను గా సీట్లనే కూసుంటున్న," అంది మెల్లగా.

బండి అమ్మింది శేషగిరిరావు. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఆయన, దగ్గర్లోనే ఫామ్‌హౌస్ ఉంది. ఫోన్ చేస్తే వెంటనే వచ్చాడు. టవలు తీసి ఆయన ముందు పడేశాను. ప్యాంటుకు అంటుకోకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఓ, అదా! నాలుగేళ్ల కిందట లారీకి గుద్దుకుంది బాబూ. రెండు బ్యాగులూ పేలిపోయాయి. స్టీరింగ్ వైపుది కొత్తది వేయించాను. ఇటు వైపు సిటీలో ఒకతను లైటు రాకుండా సర్దేశాడు."

"మరి నాలుగేండ్లు మీ మేడమ్ ఏ సీట్ల కూసున్నది సార్?"

"అయ్యో, తెలిసి తెలిసి మా సరస్వతిని ముందు కూర్చోనిస్తానా అండీ? ఎప్పుడూ వెనక సీటే."

ఎంత నిదానంగా అన్నాడో! నా ఒళ్లు భగ్గుమంది.

"గా ఒక్క ముక్క వీళ్లకు చెప్పనీకి మీకు నోరు రాలేదా?"

"వాళ్లు అడగలేదు బాబూ. పాత బండంటే ఉన్నది ఉన్నట్టే కదా," అని కారెక్కి వెళ్లిపోయాడు. ఛీ, ఏం చదువులు అవి!

హన్మయ్య కాక మూత చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాపం, మోసపోయాడే అని జాలిపడ్డాను. ఆ మూత తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బాల్‌రాజూ, మళ్ల గట్లనే మూసెయ్యి. షాబాద్‌ల మా దోస్తు ఎంకయ్య బండి కోసం తిరుగుతున్నడు. లైటైతే ఆరుతున్నది, ఫికర్ లేదు."

నిజం చెప్తున్నాను, శేషగిరిరావు మీద కంటే ఈయన మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. కాకను తిట్టడానికి నోరు తెరిచేలోపే పెంటమ్మ అందుకుంది.

"ఎంకయ్య పెండ్లాం రామమ్మ సుత గా సీట్లనే కూసుంటది గద?"

"నువ్వు ఊకో."

"ఎందుకు ఊకోవాలె? తెల్వక నన్ను కూసోబెట్టినవ్. తెలిసి రామమ్మను కూసోబెడ్తవా?"

నేను పసుపు వైరు నుంచి రెసిస్టర్ పీకి మురుగు మోరీలో పారేశాను. బ్యాటరీ తగిలించి తాళం తిప్పాను. మీటరులో ఎర్ర లైటు వెలిగింది. ఈసారి ఆరలేదు.

"గిప్పుడు దీన్ని ఎవడు కొంటడు?" అన్నాడు కాక ఏడుపు గొంతుతో.

పెంటమ్మ వినిపించుకోలేదు. కొంగు బిగించుకొని, బండి ఎక్కకుండా, ఊరికి పోయే చేవెళ్ల బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.