మా ఇంటి ముందు ఆగకూడని బండి

మా ఆయన వెల్డన్ ప్లంబరు. అతని బండి తెల్ల వ్యాను. రెండు పక్కలా నీలం అక్షరాలతో పేరూ ఫోన్ నంబరూ, నెత్తి మీద నిచ్చెన, లోపల పైపులు. ఎత్తు ఎక్కువ కాబట్టి గరాజులో పట్టదు. పదిహేడేళ్ళు మా ఇంటి ముందే నిలబడింది. మార్చిలో ఇళ్ళవాళ్ళ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. పేర్లు రాసున్న పని బండ్లు ఇక ఇళ్ళ ముందు పెట్టకూడదట. పెడితే రోజూ జరిమానా, అది కట్టకపోతే ఇల్లే జప్తు చేస్తారట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా సీడర్ బెండ్ కాలనీలో రెండువందల పన్నెండు ఇళ్ళున్నాయి. వాటిలో సగం ఇళ్ళ సింకుల కింద వెల్డన్ వెల్లకిలా పడుకుని పనిచేశాడు. టెక్సాస్ మొత్తం గడ్డకట్టి ఇంటింటా పైపులు పగిలిన ఆ ఫిబ్రవరిలో నాలుగు రోజులు సరిగ్గా అన్నం కూడా తినకుండా తిరిగాడు. అప్పుడు ఆ బండి వీధి మలుపు తిరిగితే చాలు, ఆడా మగా గుమ్మాల్లోకి వచ్చి దణ్ణం పెట్టినంత పని చేశారు. ఇప్పుడు దాన్ని చూస్తే ఇళ్ళ ధరలు పడిపోతాయట. ఏరు దాటి తెప్ప తగలేసే జాతి.

బండి పెట్టుకోవడానికి అద్దెకిచ్చే జాగా ఇరవై ఆరు మైళ్ళ అవతల ఉంది. వెల్డన్‌కి అరవై రెండేళ్ళు, నిరుడే తుంటి మార్పించుకున్నాడు. పొద్దున్నే అంత దూరం పోయి బండి తెచ్చుకుని, సాయంత్రం మళ్ళీ అక్కడ దింపి రావడం తన వల్ల కాదన్నాడు. పని మానేస్తానన్నాడు. కోపంగా కూడా అనలేదు, బూట్లు విప్పుకుంటూ అన్నాడు. ఆ మనిషిని పని మానిపిస్తే ఆర్నెల్లు బతకడని నాకు తెలుసు.

తిన్నగా హార్లన్ స్టబ్స్ ఇంటికెళ్ళాను. అతను అసోసియేషన్ ప్రెసిడెంటు, ఒకప్పుడు బీమా ఏజెంటు. ఈ దిక్కుమాలిన రూలు ఎవరు పెట్టారని అడిగాను. జనవరి మీటింగులో పాసయిందని చెప్పి, ఓట్ల కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్కటే తిప్పి చూశాను. ప్రతి కాగితం మీదా ఇంటి నంబరూ తేదీ నా చేతిరాతలోనే ఉన్నాయి.

"అన్నీ మీరు తెచ్చినవే కదా లావెర్న్," అన్నాడు హార్లన్, ఎంతో మర్యాదగా.

మా మీటింగులకి ఎవరూ రారు. రాలేనివాళ్ళు ప్రాక్సీ కాగితం మీద సంతకం పెడతారు, వాళ్ళ ఓటు హార్లన్ వేస్తాడు. ఆరేళ్ళుగా ఆ కాగితాలు పట్టుకుని, పీకన్ గింజలతో చేసిన తీపి రొట్టె ముక్కలు పంచుతూ గడప గడపా ఎక్కి సంతకాలు పెట్టించింది నేనే. చాలినంత మంది లెక్కకి రాకపోతే మీటింగే జరగదు, వీధి పనులు ఆగిపోతాయని నా తాపత్రయం. ఎవరైనా చదవబోతే, ఏముందిలే ఇందులో, పెట్టేయమనేదాన్ని. కూర్చున్న కొమ్మని నరుక్కునే వెధవల గురించి చాలాసార్లు నవ్వాను. గొడ్డలి నా చేతిలోనే ఉందని ఆ రోజు తెలిసింది.

హార్లన్ దొంగ అయితే నాకింత కడుపుమంట ఉండేది కాదు. వెనక వాగు పొంగి ఇళ్ళలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చినప్పుడు, కౌంటీ వాళ్ళు చేతులెత్తేస్తే, అసోసియేషన్ చేత కాలువ తవ్వించింది అతనే. వదిలేసిపోయిన ఇంట్లో ఎలుకలు కాపురం పెడితే నెలరోజుల్లో ఆ ఇల్లు బాగు చేయించిందీ అతనే. అసోసియేషన్ లేకపోతే ఈ వీధి ఎప్పుడో మునిగిపోయేది. మంచి పనులు చేస్తున్నాడు కదా అని కర్ర అతని చేతికిచ్చి మేమంతా వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాం. ఆ కర్ర ఎవరి వీపు మీద పడుతుందో చూసిన నాథుడు లేడు.

రూలు తీసేయాలంటే మూడింట రెండు వంతుల ఇళ్ళు, అంటే నూట నలభై రెండు ఓట్లు కావాలి. రానివాళ్ళంతా వద్దన్నట్టే లెక్క. పాత ప్రాక్సీ ఇచ్చినవాళ్ళు కొత్త తేదీతో నా పేర ఇంకొకటి ఇస్తే పాతది చెల్లదు. వచ్చే మీటింగులో అది తేలేదాకా జరిమానా వెయ్యనన్నాడు హార్లన్. సరే అని మళ్ళీ గడపలెక్కాను. ఈసారి తీపి ముక్కల్లేవు, ప్రతి అక్షరం చదివి వినిపించాను. ఒకడు తలుపు కూడా తియ్యకుండా గంట పక్కనున్న కెమెరాలోంచే పొమ్మన్నాడు. వాడి నీళ్ళ హీటరు బిగించింది వెల్డనే. పక్కింటి పెగ్గీ మాత్రం, ఆ బండి కనబడితేనే తనకి ధైర్యమంటూ సంతకం పెట్టింది. రెండు నెలలు, రెండు జతల చెప్పులు. మా ఇంటి ఓటుతో కలిపి సరిగ్గా నూట నలభై రెండు అయ్యాయి.

మీటింగులో హార్లన్ రెండుసార్లు లెక్కపెట్టి, నూట నలభై ఒకటన్నాడు.

పోయిన ఓటు మాదే. నా కాగితం కంటే రెండు రోజుల తర్వాతి తేదీతో హార్లన్ పేర ఇంకో ప్రాక్సీ ఉంది. కింద వెల్డన్ సంతకం ఉంది. వెల్డన్ వైపు తిరిగాను.

"కాలువ వెడల్పు చేయించడానికని హార్లన్ అడిగితే పెట్టాను," అన్నాడు. "కాలువ కావాలి కదా."

నీళ్ళ సంగతి తెలిసిన మనిషి, కాలువంటే కాదనలేకపోయాడు. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో, మీటింగుకొచ్చే అన్ని విషయాలకీ ఈ ఓటు వర్తిస్తుందని, లెక్క మొదలయ్యాక వెనక్కి తీసుకోవడం కుదరదని ఉంది.

"ఆయన ఓటుతోనే ఆయన నోటి దగ్గర కూడు లాగేస్తావా హార్లన్?" అన్నాను.

"నేను అబద్ధం చెప్పలేదు లావెర్న్. కాలువ కూడా ఉంది అందులో," అన్నాడు. కుర్చీ ఎత్తి అతని నెత్తిన వెయ్యాలనిపించింది. వెల్డన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు బండి హైవే అవతలి అద్దె జాగాకి పోయింది. వారం రోజులు వెల్డన్ పొద్దున్నే లేచి నా కారులో పోయి, సాయంత్రం కుంటుకుంటూ వచ్చాడు. ఈ నెలాఖరుకి పని చాలిస్తానని చెప్పాడు. తెలియక పెట్టిన సంతకానికి అతన్ని తిట్టే మొహం నాకు లేదు, అందుకని కోపమంతా గిన్నెల మీద చూపించాను.

ఎనిమిదో రోజు పెగ్గీ ఇంట్లో నీళ్ళ హీటరు పగిలి నీళ్ళు హాల్లోకొచ్చాయి. వెల్డన్ బండి వేసుకుని వచ్చాడు. ఎవరింట్లోనైనా రిపేరు జరుగుతున్నంతసేపు పని బండి ఆగొచ్చని రూలు. నా వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నీలం అక్షరాలు, నిచ్చెన, అన్నీ అలాగే పెగ్గీ ఇంటి ముందు మధ్యాహ్నమంతా ఉన్నాయి. హార్లన్ కుక్కని తిప్పుకుంటూ వచ్చి, దాని పక్క నుంచే చెయ్యూపి పోయాడు. ఏ ఇంటి ధరా పడిపోలేదు. ఈ వీధిలో ఎవరి ఇంటి ముందైనా ఆ బండి ఆగొచ్చు, మా ఇంటి ముందు తప్ప.

గరాజులోకెళ్ళి పాత పైపు రెంచి తెచ్చాను. ముప్ఫై ఏళ్ళు ప్లంబరుతో కాపురం చేసినదాన్ని, ఎక్కడ తిప్పాలో నాకు తెలుసు. సింకు కింద దూరి పైపు ఊడబీకాను. నీళ్ళు మొహాన కొట్టాయి. అవి మోకాళ్ళ కింద పారుతుండగానే బండి మీదున్న నంబరుకి ఫోన్ చేసి, మా ఇంట్లో పైపు పోయింది, బండితో సహా రమ్మన్నాను.

పెగ్గీ ఇంట్లో పని ముగించుకుని వచ్చాడు. బండి మా ఇంటి ముందు ఆగింది. వెల్డన్ ముందు నీళ్ళు కట్టేసి, సింకు కిందికి చూసి, నా తడిసిన బట్టలు చూసి, నేల మీది రెంచి చూశాడు.

"ఎవరో కావాలని విప్పారు. పది నిమిషాల పని," అన్నాడు.

"కాదు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేని పని. హార్లన్ వచ్చి అడిగితే అదే చెప్పు."

వెల్డన్ కిటికీలోంచి బండి కేసి చూశాడు. తర్వాత తుంటి పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుని, సంచిలోంచి పెద్ద రెంచి తీశాడు.

"అయితే ముందు సింకు మొత్తం పీకెయ్యాలి," అన్నాడు.