మా అమ్మ గీసిన హరలాంబియే

అమ్మ గీసిన నమూనా కాగితం పోయిందని తెలిశాక నేను పునీత మీనాస్‌ను తిట్టని తిట్టు లేదు. మా ట్రాన్సిల్వేనియా కొండల్లో ఏ వస్తువు పోయినా ఆయన పటం ముందు కొవ్వొత్తి వెలిగిస్తాం, దొంగను పట్టిస్తాడని. మూడు వారాలు వెలిగించాను. చివరికి ఒళ్ళు మండి పటాన్ని గోడవైపు తిప్పేసి, "పని చేసేదాకా గోడనే చూస్తూ ఉండు" అన్నాను.

నా పేరు సాఫ్త. గాజు పలకల మీద పునీతుల పటాలు వేస్తాను. పలక కింద నమూనా కాగితం పెట్టి, పైన గీతలు గీసి రంగులు నింపుతాం. తర్వాత పలకను తిప్పి గోడకు పెడతాం, కాబట్టి కాగితం మీది కుడి పటంలో ఎడమవుతుంది. అందుకే కాగితం మీద అన్నీ తిరగేసి గీస్తాం. పోయింది హరలాంబియే కాగితం. ముసలి పునీతుడు ప్లేగు రాకాసిని కాలికింద తొక్కుతుంటాడు. ఆ రాకాసికి మా అమ్మ తన అత్తగారి ముఖం పెట్టింది, ముక్కు మీది పులిపిరితో సహా. పాపం, ఆమె కసి ఆమెది. అమ్మ చేతి గీత నాకు మిగిలింది అదొక్కటే. ఇల్లు పీకి పందిరి వేసినా దొరకలేదు.

మా మరిది పంతెలిమోన్ పరామర్శకు వచ్చాడు. పట్నంలో నేర్చుకొచ్చి చెక్క మీద బంగారు రేకుతో పటాలు వేస్తాడు. చర్చికి చెక్క పటాలే, గాజువి వంటింటికే. అది ఊరి ఆచారం. నావి "కోళ్ళగూటి బొమ్మలు" అంటాడు.

"పోనీలే వదినా, కాగితమ్ముక్కకు ఇంత ఏడుపా?" అంటూ నేను చేసిన క్యాబేజీ చుట్టలు ఏడు మింగాడు.

హరలాంబియే పండుగనాడు చర్చి కిక్కిరిసింది. పంతెలిమోన్ వేసిన కొత్త పటం మీది గుడ్డను ఇరిమియే ఫాదరు గారు లాగారు. శిలువ గుర్తు వేసుకోబోయిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పునీతుడు ఎడమ చేత్తో దీవిస్తున్నాడు! కాలికింద మా నాయనమ్మ, పులిపిరితో సహా.

కోపం రావాల్సింది, ముందు నవ్వొచ్చింది. చర్చి అని కూడా చూడకుండా పగలబడి నవ్వాను.

"ఏమయ్యా పంతెలిమోన్, మా నాయనమ్మతో నీకెప్పుడు పరిచయం?"

తేలు కుట్టిన దొంగలా కోటు గట్టిగా పట్టుకున్నాడు.

"గాజు కింద పెట్టేదాన్ని చెక్క మీదికి దించావా? పట్నం చదువులో కుడిఎడమలు చెప్పలేదా?"

"మెల్లగా వదినా!" అంటూ కోటు లోపలినుంచి కాగితం తీశాడు. నాలుగు మడతలు పెట్టాడు, వెధవ. "ముసలి ముఖం నాకెప్పుడూ కుదరదు. మీ అమ్మలా నేను జన్మలో గీయలేను."

"ఆ మాట అమ్మ బతికుండగా అని ఉంటే తనే పిలిచి నేర్పేది కదరా!" మడతలు చూసి ఏడుపొచ్చింది.

ఫాదరు గారు తల పట్టుకున్నారు. "దించేయండి. ఎడమచేతి దీవెన ఎవరిక్కావాలి?"

"దించితే ఊరుకోను ఫాదరు గారూ! మా అమ్మ బతికినన్నాళ్ళూ ఒక్క పటాన్నీ ఈ గోడ ఎక్కనివ్వలేదు మీరు. ఇవాళ అమ్మ గీత బంగారమేసుకుని ఎక్కింది. ఉండనివ్వండి."

ఫాదరు గారు నా ముఖం చూశారు, ఊరి ముఖం చూశారు. సరేనన్నారు.

"ఇక అందరం వరసగా పటం పాదాలకు ముద్దు పెట్టుకోవాలి కదా, ముందు నువ్వే పెట్టుకో పంతెలిమోన్" అన్నాను.

వంగాడు. పునీతుడి పాదాల దగ్గర ఖాళీ ఏదీ? అంతా మా నాయనమ్మే. ఊరంతా చూస్తుండగా ఆ పులిపిరి మీదే పెట్టాడు.