అందరూ దిగారా?

మా ఆయన నిద్రలో అరుస్తాడు. ఊరికే గొణగడం కాదు, ఇల్లు అదిరిపోయేలా ఒకటే కేక: "అందరూ దిగారా?"

నేను కళ్ళు తెరవకుండానే "దిగారు, పడుకోండి" అంటాను. "చూసి చెప్తున్నావా? చూడకుండా చెప్పకూడదు" అంటాడు, అదీ నిద్రలోనే. ఆ తర్వాత ఇద్దరికీ నిద్ర ఉండదు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. పగలంతా కుట్టుమిషను మీద కూర్చుని జనం చింపుకొచ్చిన జిప్పులు మార్చేదాన్ని, నాకు నిద్ర అక్కర్లేదా?

దీనికంతటికీ మూలం ఊరి చివరి వినోదాల పార్కు. అందులో గుహ రైలు నడిపింది మా ఆయనే. చిన్న చిన్న పెట్టెల రైలు సిమెంటు కొండలోకి దూరి, మెలికలు తిరిగి అవతలి వైపు తేలేది. లోపల చీకటి, ప్లాస్టరు దెయ్యాలు, స్పీకర్లలో ఏడుపులు. రోజూ మూసేముందు మా ఆయన గుహ నోట్లోకి "అందరూ దిగారా?" అని కేకేసేవాడు. హెల్పరు ఒకడుండేవాడు, అతన్ని పొడుగు అనేవాళ్ళం. అతను టార్చి పట్టుకుని ప్రతి మలుపూ, ప్రతి పెట్టే చూసుకుంటూ నడిచి, ఆ కొస నుంచి "దిగారు!" అనేవాడు. ఆ మాట చెవిన పడ్డాకే మా ఆయన మెయిన్ స్విచ్చి దించేవాడు.

ఓనర్లు కొట్టుకుని కోర్టుకెక్కారు. ఒక మధ్యాహ్నం తాళాలు పట్టుకుని మనుషులొచ్చి, ఉన్నవాళ్ళను ఉన్నట్టు బయటికి తోసేశారు. మా ఆయన కేకైతే వేశాడు. జవాబు వినేలోపే రెక్క పట్టి లాక్కొచ్చారు. తర్వాత పొడుగుని అడిగితే, "నడిచాననే గుర్తన్నా... ఏమో మరి" అన్నాడు. ఆ "ఏమో" మా ఇంట్లో తిష్ట వేసింది. ఎవరూ తప్పిపోలేదు, ఎవరినీ వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. ఆ సంగతి మా ఆయనకీ తెలుసు. తెలిసినంత మాత్రాన నిద్ర వస్తుందా?

చివరికి ఆయన అదే పార్కు గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడు. గేటు బయటే కూర్చోవాలి. ఎవరైనా లోపలికి చొరబడితే వాళ్ళను బయటికి తేవడానికి మాత్రమే లోపల అడుగు పెట్టాలి. చొరబడేవాళ్ళకు కొదవా? పాడుబడిన చోటు అంటే చాలు, కెమెరాలు మెళ్ళో వేసుకుని కుర్రకారు దిగిపోతారు.

"గోడ కూలిపోయి ఉంది కదంకుల్, తలుపు తీసిపెట్టినట్టే కదా" అంటే, "మీ ఇంటి తలుపు తీసి ఉంటే నేనొచ్చి మీ సోఫాలో పడుకోనా?" అని అడిగేవాడు మా ఆయన. కెమెరాలు సర్దుకుని వచ్చిన దారినే పోయేవాళ్ళు.

కిందటి వారం సూపర్‌వైజరు చెప్పాడు, కేసు తేలిందట, సోమవారం యంత్రాలొస్తాయట. ముందు పడేది గుహ కొండేనట. ఆ రోజు నుంచి కేకలు రాత్రికి రెండుసార్లయ్యాయి. అన్నం ముందు కూర్చుని గోడకేసి చూసేవాడు. "ఒక్కసారి లోపల చూసొస్తాను సార్" అని బతిమాలుకున్నాడట. "నిన్ను పంపిస్తే రేపు అందరూ అడుగుతారు" అని సూపర్‌వైజరు కుదరదన్నాడట.

"అడగడమెందుకండీ? కాపలా మీరే, చూసేదీ మీరే. వెళ్ళి రాకూడదూ?" అన్నాను.

"కంచే చేను మేస్తే ఇంకేముందే? రేపు ఆ కుర్రాళ్ళ మొహం ఎలా చూడను?"

నిజాయితీ మంచిదే, కాదనను. నిద్ర కూడా మంచిదే కదా! ఒళ్ళు మండి, లాయరు పని చేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"గోడ కూలినంత మాత్రాన హక్కు పుట్టదక్కా. అనుమతి లేకుండా వెళ్తే తప్పే. ఏదీ ముట్టుకోకుండా, పొమ్మన్నప్పుడు పోతే మామూలుగా మందలించి వదిలేస్తారు. కేసు పెట్టినా పెట్టొచ్చు, అది వాళ్ళ ఇష్టం."

"మరి కాపలా మనిషి లోపలికెళ్తే?"

"దూకినవాళ్ళను బయటికి తేవడానికా? అది ఆయన డ్యూటీ. వెళ్ళకపోతేనే తప్పు. ఇంతకీ దేనికక్కా ఇవన్నీ?"

"ఏం లేదురా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి" అని పెట్టేశాను.

ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గర క్యారియరు ఆయన చేతికిచ్చి, టార్చి సంచిలో వేసుకుని, నాలుగడుగుల అవతల గోడ కూలిన చోటికి నడిచాను. దొంగతనంగా వెళ్ళడం నాకు చేతకాదు. రాళ్ళ మీద నిలబడి అరిచాను: "ఏమండీ! నేను దూకేస్తున్నాను! మీ డ్యూటీ మీరు చేసుకోండి!"

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "పిచ్చిగానీ పట్టిందా? దిగవే!" అన్నాడు. నేను అవతలికి దిగాను. వెంటనే డ్యూటీ గొంతు వినపడింది: "ఇది నిషేధిత స్థలం! దయచేసి బయటికి రండి!" పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా ఆయన నన్ను మీరు అన్నాడు. దాని కోసమైనా ఇంకోసారి దూకొచ్చు.

గుహలో పావురాల కంపు, కాలి కింద తుప్పు పట్టిన పట్టాలు. పళ్ళూడిన దెయ్యాన్ని చూస్తే భయం మాట అటుంచి జాలేసింది. దాన్ని కూడా పలకరించి, ప్రతి మలుపులో వెలుగు వేసి చూశాను. మూల మూలా చూశాను. చూడకుండా చెప్పకూడదు కదా. ఆ కొసన రైలు ఆగిన చోటే ఆగి ఉంది.

అప్పుడే గుహ నోటి దగ్గర అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. "బయటికి రండి" అంటాడనుకున్నాను. అనలేదు. గుహలోకి కేకేశాడు, ఈసారి మెలకువలో: "అందరూ దిగారా?"

దిగారు అనబోయాను. టార్చి ఆఖరి పెట్టె మీద పడింది. లోపల రెండు కళ్ళు మెరిశాయి.

"లేదండీ! ఆఖరి పెట్టెలో ఉన్నారు!"

టార్చి లేకుండా ఆ చీకట్లో ఎలా పరుగెత్తుకొచ్చాడో! పెట్టె అంచు పట్టుకుని "ఎవరు? ఎవరే?" అంటుంటే మొహంలో నెత్తురు చుక్క లేదు. నా తొందరపాటుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"మనుషులు కాదండీ. పిల్లి, పిల్లికూనలు."

సీటు స్పంజిలో గూడు చేసుకుని, కూనల్ని పొట్టకు హత్తుకుని, ఆ తల్లి మా ఇద్దరినీ చూసి బుస్సుమంది. మా ఆయన పట్టా మీద కూలబడ్డాడు. నవ్వాడు, ఏడ్చాడు, మళ్ళీ నవ్వాడు.

"రేపీపాటికి కొండ కూలేది. చూడకుండా చెప్పకూడదన్నానా, లేదా?"

"అన్నారు మహానుభావా! రాత్రికి రెండుసార్లు అన్నారు!"

కూనల్ని నా సంచిలోకి ఎత్తాం. తల్లి ఆయన చెయ్యి గీరి, సంచి వెంటే నడిచింది. అన్నిటినీ బయట నీడలో పెట్టాక ఆయన గుహ నోటి దగ్గర నిటారుగా నిలబడ్డాడు. నేను మళ్ళీ ఆ కొస దాకా నడిచి, ఒక్కో పెట్టెలో చెయ్యి పెట్టి తడిమి, గొంతు చించుకుని అరిచాను: "దిగారు! అందరూ దిగారు!"

కరెంటు ఎప్పుడో పోయిన ఆ మెయిన్ స్విచ్చిని ఆయన కిందికి దించాడు. ఆ ఖట్‌మన్న చప్పుడు నాదాకా వినపడింది. హాయిగా అనిపించింది.

గేటు దగ్గరికి రాగానే సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు. వద్దని నేను చొక్కా పట్టుకుని లాగినా వినలేదు. "ఒకావిడ దూకింది సార్, బయటికి తెచ్చాను... తెలిసినావిడే... మా ఆవిడే సార్." ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. "ఇంకోసారి దూకకుండా చూసుకో" అన్నాడట. "రేపటికి గోడెక్కడుంటుంది సార్" అన్నాడు మా ఆయన.

ఆ రాత్రి పిల్లి సంసారం మా వంటింట్లో అట్టపెట్టెలోకి చేరింది. అలవాటు కొద్దీ నాకు మెలకువ వచ్చేసింది. ఆయన నోరు తెరిచి గురక పెడుతున్నాడు. చూశాను, చూశాను. ఎంతకీ అడగడే! ఉండబట్టలేక నేనే చెవి దగ్గర నోరు పెట్టి "దిగారండీ" అన్నాను.

"ఊఁ, తెలుసు" అని అటు తిరిగి పడుకున్నాడు.