పెప్పర్ తాళ్ళూరి

ఇడ్లీ ముక్కలో మాత్ర దూర్చి, కనపడకుండా వేలితో మెత్తి, పెప్పర్ నోటి ముందు పెట్టాను. బ్రెడ్డులో పెడితే బ్రెడ్డు తిని మాత్ర ఉమ్మేస్తుంది. ఇడ్లీ అయితే మింగుతుంది. ఇంట్లో ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆ స్టెరాయిడ్ వల్ల దానికి దాహం ఎక్కువై, రాత్రిళ్ళు హాల్లో తడి చేస్తుంది. ఆయన లేచేలోపు తుడిచేస్తాను. తుడవడం పెద్ద పనేం కాదు. తుడిచినట్టు ఎవరికీ తెలియకుండా ఉంచడమే పని.

కుక్క కావాలని ఏడ్చింది మా అమ్మాయి రచన. అది చదువుకి లీడ్స్ వెళ్ళిపోయింది, కుక్క నాకు మిగిలింది. నిరుడు చలికాలంలో పెప్పర్ చిగుళ్ళు తెల్లగా పాలిపోయి, నడవలేక కూలబడింది. తన రక్తాన్ని తన ఒళ్ళే తినేసే జబ్బట. చావుదాకా వెళ్ళి వచ్చింది. ఇప్పుడు ఏటా వేసే టీకా వేయించాలా, వద్దా? వేయిస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. వేయించకపోతే, ఊరెళ్ళేవాళ్ళ కుక్కల్ని చూసుకునే కెన్నెల్ ఒకటి మాకు దొరికింది, వాళ్ళు దాన్ని ఉంచుకోరు. వాళ్ళు ఉంచుకోకపోతే నేను ఒంగోలు వెళ్ళలేను. అక్కడ మా కొత్త ఫ్లాట్ గృహప్రవేశం.

"పాలు నేను పొంగించకూడదు కదమ్మా," అని మా అత్తయ్య రాజ్యం గారు ఫోన్లో గుర్తుచేశారు. మామయ్య పోయినప్పటి నుంచి ఇలాంటి వాటికి ఎవరూ అనకముందే ఆవిడే పక్కకి తప్పుకుంటారు. "ఇల్లాలివి నువ్వు రావాలి. కుక్క కోసం ఆగిపోయిందంటే నలుగురూ నవ్వుతారే. నా మోకాళ్ళ మాత్రలు ఏనాడన్నా ఇంత టైముకి గుర్తుచేశావా?" నేను నవ్వాను. రచన అయితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఇట్స్ ఓన్లీ అ బూస్టర్, మమ్."

ఇంగ్లండులో మేముండే ఈ బ్రాక్‌నెల్‌లో, పెప్పర్‌ని చూపించే పశువుల ఆసుపత్రిలో నర్సు తలుపు తీసి, "పెప్పర్ తాళ్ళూరి," అని పిలిచింది. ఇక్కడ కుక్కకీ యజమాని ఇంటిపేరే తగిలిస్తారు. నాకు తగిలించినప్పుడూ ఎవరూ అడగలేదు. ఇద్దరు తాళ్ళూరి వాళ్ళం లోపలికి వెళ్ళాం.

డాక్టర్ హెలెన్ చిన్న వయసు పిల్ల. టీకాతో జబ్బు తిరగబెడుతుందని ఖాయంగా చెప్పలేనంది, తిరగబెట్టదనీ చెప్పలేనంది. మానేస్తే ఎలుకల జ్వరం భయం ఉంటుంది, చెరువు గట్లకీ బురదగుంటలకీ దూరంగా ఉంచాలి. తర్వాత నా వైపు తిరిగి, రోజూ చూసేది మీరే కదా, మీకేమనిపిస్తోంది అని అడిగింది.

"మా ఆయన్ని అడిగి చెప్తాను," అన్నాను.

ఆ అమ్మాయి ముఖంలో ఏమీ మారలేదు. మారకుండా ఉంచడానికి ఆమె పడ్డ శ్రమ నాకు కనిపించింది.

అక్కణ్ణించే ఫోన్ చేశాను. ఆయన ఎత్తి, "మీటింగ్‌లో ఉన్నా లీలా. వేయించెయ్, అంతే. ఏమన్నా అయితే మళ్ళీ నన్ననకు," అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఒళ్ళంతా వదులైంది. అది హాయి అని గుర్తుపట్టిన క్షణమే సిగ్గు మొదలైంది. అనకు అన్నారు గానీ, అనడానికే కదా నేను అడిగింది. రేపు పెప్పర్ పోతే తేలిగ్గా ఏడవచ్చు, ఆయన వేయించమన్నారని. రచన పుట్టినప్పుడు ఉద్యోగం మానేశాను. ఆయన వద్దన్నారని అందరికీ చెప్తాను. నిజానికి ఆయనన్నది, "నీ ఇష్టం, మరి ఇల్లెలా?" అని. మిగతాది నేనే పూరించుకున్నాను. ఇన్నేళ్ళ చాకిరీ అబద్ధం కాదు. ఆ చాకిరీ చాటున నేను దాక్కోవడమూ అబద్ధం కాదు. ఇంకా లోపలికి చూస్తే మరొకటి ఉంది: నాకు వెళ్ళాలని ఉంది. కొన్నాళ్ళు తడి లేని నేల మీద నిద్ర లేవాలని ఉంది. అందుకోసం ఈ ప్రాణాన్ని సూది మొన మీద పెట్టడానికి సిద్ధపడి, ఆ సూది ఆయన చేతిలో ఉన్నట్టు చూసుకుంటున్నాను. పెప్పర్‌కి డాక్టరు పరీక్షించే బల్ల అంటే భయం. అయినా నేను ఎత్తితే ఎక్కుతుంది. నా బూటు మీద గడ్డం ఆనించి, ఎప్పుడెత్తుతానా అని చూస్తోంది.

ఫోన్ అయిపోవడం చూసి, వేయిస్తామనుకుందేమో, హెలెన్ ఫ్రిజ్ తెరిచి చిన్న టీకా సీసా తీసింది.

"వద్దు," అన్నాను. "ఆయన వేయించమన్నారు. నాకు వద్దనిపిస్తోంది."

కారులో కూర్చుని ఒంగోలుకి ఫోన్ చేశాను. "అత్తయ్యా, నేను రావట్లేదు. పాలు మీరే పొంగించండి."

కూడదని ఆవిడ అనలేదు. "వాడేమన్నాడు?" అన్నారు.

"టీకా వేయించమన్నారు. నేనే వద్దన్నాను."

"మరి దానికేమన్నా అయితే?"

వెనక సీట్లో పెప్పర్ కిటికీకి మూతి ఆనించి, అద్దం మీద ఆవిరి చేస్తోంది. సిగ్గు ఎక్కడికీ పోలేదు.

"నా వల్లేనండీ," అన్నాను.