ఊదని పూట

ఇంటింటికీ వెంట తెచ్చుకునే తన పొట్టి చెక్కపీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టుకుని, రహమత్బీ వీపు మీద గోరువెచ్చని నీళ్లు పోస్తోంది. చీర మోకాళ్ల దాకా తడిసింది. కొమరోలులో చాలామంది పిల్లలు ఆ కాళ్ల మీదే తొలి నీళ్లు పోయించుకున్నారు. ఈ బిడ్డ తల్లి స్రవంతి కూడా.

తుడిచాక బిడ్డ చెవుల్లో, ముక్కులో మెల్లగా ఊదాలి. చేరిన నీళ్లు అలాగే పోతాయని ఆమెకు అత్త నేర్పింది. రహమత్బీ బిడ్డను నోటి దగ్గరికి తెచ్చుకుంది. కింది పెదవి మీది పొక్కుల గుత్తి చురుక్కుమంది. మొహం తిప్పుకుని, పాతగుడ్డ కొసతో చెవులు అద్దింది.

"ఏంది రహమత్బీ, ఊదకుండానే ఇస్తాండావు?" అంది స్రవంతి తల్లి పుష్పమ్మ.

"ఇట్లాంటి పొక్కు అంటితే పసిబిడ్డకు ప్రాణం మీదికి వస్తాదని నర్సు మార్తమ్మ చెప్పిందక్కా. పరీక్ష చేయించుకోని వస్తా."

"ఒంట్లో వేడి. మజ్జిగ తాగితే పోతాది. దానికి పరీక్ష ఒకటా! కలెక్టరు నోరా నీది?"

"కలెక్టరు ఊదడు కదక్కా."

ఆ పొద్దున్నే బస్సెక్కితే, గిద్దలూరులో లాబు వాళ్లు రక్తం, మూత్రం తప్ప ఇంకేమీ చూడం అన్నారు. పక్క వీధి లాబు వాళ్లు మార్కాపురం పొమ్మన్నారు. కంభంలో బస్సు ఆగినప్పుడు బజ్జీల వాసన కిటికీలోంచి వచ్చింది. పరీక్షంటే పరగడుపునే అనుకుని ఆమె తల తిప్పుకుంది.

మార్కాపురం లాబులో రజిని అనే అమ్మాయి ఉంది. రహమత్బీ గాజులు పైకి తోసి చేయి చాపింది.

"తీసుకోమ్మా. టీ కూడా తాగలేదు."

రజిని నవ్వింది. "చెయ్యెందుకవ్వా? పొక్కులో నీళ్లే తీసేది. కడుపు నిండా తిన్యా ఏం కాదు."

"కంభంలో బజ్జీలు వదులుకుంటినే!"

రజిని పుల్లకు చుట్టిన దూదిని పొక్కుకు అద్ది గొట్టంలో వేసింది. విజయవాడకు పంపాలి, ఫలితం వచ్చాక ఫోను చేస్తానంది. ఏం పని చేస్తావని అడిగింది. జవాబు విన్నాక నవ్వడం ఆపింది.

"మానేదాకా బిడ్డల దగ్గర నోరు పెట్టొద్దవ్వా. నేను అనుకునే వైరస్సే అయితే, మానినా మళ్లా వస్తాది."

బస్టాండులో టీ తాగి, బజ్జీలు తింది. కారం తగిలి కళ్లలో నీళ్లొచ్చినా వదల్లేదు. బస్సు కంభం చెరువు దాటుతుంటే, లాబులో విన్న మాట ఊళ్లో ఎవరికీ తెలియదు కదా అనిపించింది. ఊదేది ఒక్క ఊపిరే. చెరువు కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చుంది.

సాయంత్రం పీట తీసుకుని పుష్పమ్మ ఇంటికి వెళ్లి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది.

"స్రవంతీ, పీట మీద కూచో. కాళ్లు చాపు."

"నేనా? జారిపోతాడవ్వా!"

"నువ్వూ జారేదానివే. పట్టుకోలా నేను?"

చెప్పినట్టే స్రవంతి నీళ్లు పోసింది, తుడిచింది, చివరికి గట్టిగా ఊదింది. బిడ్డ తుమ్మాడు.

"గాలివాన తెచ్చినావు గదే!" అంది పుష్పమ్మ. రహమత్బీ కొంగు చాటున నవ్వింది. పెదవి మండినా నవ్వింది.

"రేపు నువ్వు వస్తావు గదా?" అంది స్రవంతి.

"రేపూ నువ్వే నీళ్లు పొయ్యాల. నేను ఇంక ఎవురికీ పొయ్యనులేమ్మా."

"మానినాక కూడానా?" అంది పుష్పమ్మ.

"లాబు అమ్మాయి అనుకునేదే అయితే, మానినా మళ్లా వస్తాదంటక్కా. అది చెప్పి రాదు గదా." రహమత్బీ చెప్పులు వేసుకుంది.

"అవ్వా, నీ పీట!"

"ఉండనీ. నీకు బాగా కుదిరింది."

నాపరాయి మీద పీట తడిగా ఉంది. ఆమె కూర్చుని కూర్చుని అరిగిన గుంటలో, శనగపిండి కలిసిన నీళ్లు కాసిని పచ్చగా నిలిచి ఉన్నాయి.