ఓపల్ కాడిల్ కేసు నకలు

హోబర్ట్ కాడిల్ ఏడిస్తే చర్చి మొత్తం ఏడ్చేది. అంత ఒడుపుగా ఏడ్చే మగవాడు బ్రాస్‌ఫీల్డ్ కౌంటీలో ఇంకొకడు లేడు. ఆదివారం సాక్ష్యాల వేళ, అంటే ఎవరి అనుభవం వాళ్ళు చెప్పుకునే వేళ, లేచి, బైబిలు గుండెకు హత్తుకుని, పెళ్ళాం తనను వదిలేసి పోయిన కథ ఎత్తుకునేవాడు. పసిబిడ్డలిద్దరినీ తన చేతుల్లో పడేసి పోయిందనీ, వీళ్ళను ఎవరికివ్వాలని కోర్టు అడిగిన రోజున రావడానికి కూడా ఆమెకు తీరిక లేకపోయిందనీ, ప్రభువూ తనూ కలిసి పిల్లల్ని పెంచుకున్నామనీ చెప్పేవాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. తర్వాత భోజనాల దగ్గర వేయించిన కోడిలో మంచి ముక్కలన్నీ ఆయన పళ్ళెంలోకే చేరేవి. సంఘ పెద్ద కదా మరి.

ఆ బిడ్డల్లో పెద్దది ఆర్లీన్. ఇప్పుడు నలభై దాటిన మనిషి, స్కూలు బస్సు నడుపుతుంది. ఆ కథ వింటూ పెరిగింది, నమ్మింది కూడా. తన పెళ్ళి నాడు తల్లి ఓపల్ చర్చి మెట్ల దగ్గర నిలబడి పలకరిస్తే, ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఈ వేసవిలో ఓపల్‌కు జబ్బు ముదిరి, ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేస్తే తప్పనిసరై వెళ్ళింది. మంచంలో మనిషి పిడికెడు కూడా లేదు. "నేను కోర్టుకు వచ్చానే ఆర్లీన్," అందామె. "కేసు వేసిందే నేను. మిమ్మల్నిద్దర్నీ ఇమ్మని అడిగాను. నామాట నమ్మకపోతే వెళ్ళి చూసుకో, కాయితాలు అక్కడే ఉంటాయి." ఇంకేమీ అడగలేదు, తిట్టలేదు కూడా. ఆ వారం తిరక్కుండానే పోయింది. చావు ముందు అబద్ధం ఆడాల్సిన పని ఆమెకేముందని ఆర్లీన్‌కు మొదటిసారి అనిపించింది.

తమ్ముడు క్లేటన్ సమాధి చేసేటప్పుడు రాలేదు. ఆమె తన కోసం కోర్టుకే రాలేదు, ఆమె కోసం తను శ్మశానానికెందుకు రావాలన్నాడు. హోబర్ట్ మాత్రం ఇస్త్రీ చేసిన సూటు వేసుకుని వచ్చాడు. శవపేటిక పక్కన నిలబడి, వచ్చినవాళ్ళందరి పరామర్శా తనే అందుకున్నాడు. ఎవరో ఆయన భుజం తట్టి, అంత అన్యాయం చేసిన మనిషిని కూడా సాగనంపడానికి వచ్చావు, నీ మనసే మనసు అన్నారు. ఆర్లీన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కనున్నవాళ్ళకు చెప్పబోయింది గానీ తనకే తెలిసిపోయింది, ఈ కౌంటీలో సంఘ పెద్ద ఏడుపు ముందు బస్సు డ్రైవరు మాట చెల్లదు. కోర్టు సీలున్న కాయితం కావాలి. అది తెచ్చి, ఆయన ఏ జనం ముందు ఏడ్చి మంచివాడయ్యాడో ఆ జనం ముందే నోరు మూయించాలి. క్లేటన్ వింటూ ఉండగా మూయించాలి. అది తప్ప ఆమెకు వేరే ధ్యాస లేకుండా పోయింది.

సోమవారం పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపి, పసుపు బస్సును తిన్నగా కోర్టు ముందే ఆపింది. లోపల కౌంటరులో నడీన్. కోర్టు క్లర్కు అంటే అక్కడ ఓట్లతో వచ్చే పదవి, మూడుసార్లు గెలిచి నాలుగోసారి పోటీ చేస్తోంది. ఊళ్ళో ప్రతి కొట్టు అద్దం మీదా ఆమె నవ్వు మొహమే. చర్చిలో హోబర్ట్ వెనక బెంచీ ఆమెది, ఆయన కథకు అందరికంటే ముందు ముక్కు చీదేది కూడా ఆమే. ఆర్లీన్ దరఖాస్తు నింపి ఇచ్చేసరికి నడీన్ కళ్ళద్దాలు కిందికి జారాయి.

"ఆ ఏళ్ళవి ఇంకెక్కడున్నాయి తల్లీ, వరదలో పోయాయి," అంది.

ఏ వరదలో అని అడిగింది ఆర్లీన్. పెద్ద వరదలో అని చెప్పింది నడీన్.

"పెద్ద వరద వచ్చేనాటికి మా నాన్నకు పెళ్ళి కాలేదు సిస్టర్. విడాకుల కాయితాలు ముందే వచ్చి కొట్టుకుపోయాయా?"

నడీన్ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. పాత గోతులు తవ్వితే ఏమొస్తుందనీ, ఆ పెద్దాయన్ని ఈ వయసులో క్షోభ పెట్టడం దేనికనీ మెల్లగా సర్ది చెప్పబోయింది. ఆర్లీన్ తల ఊపుతూ అంతా విన్నది. ఆ తర్వాత చాలా మర్యాదగా, అయితే ఫలానా కేసు వెతికాను, దొరకలేదు అని రాసి, సంతకం పెట్టి, సీలు వేసి ఇమ్మంది. అడిగితే అలా ఇవ్వాలని కౌంటరు మీద అంటించిన కాయితంలోనే ఉంది. నడీన్ పెన్ను తీసుకుంది గానీ ముందుకు కదల్లేదు. తప్పుడు కాయితం మీద తన పేరు, పైగా ఎన్నికల ముందు.

"తొందరేం లేదులెండి," అంది ఆర్లీన్. "నా బస్సు ఈ లోయలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతుంది. ప్రతి గుమ్మంలో ఓ తల్లి నిలబడి ఉంటుంది. తలుపు తెరిచినప్పుడల్లా ఏదో ఒక మాట చెప్పుకుంటూనే ఉంటాం."

నడీన్ పెన్ను కింద పెట్టి కంప్యూటరు వైపు తిరిగింది. హోబర్ట్ పేరు కొట్టింది. రాలేదు. మొహం వికసించింది, చూశావా లేదు అంది. కేసు ఎవరు వేస్తే వాళ్ళ పేరు కింద కదా ఉండేది, ఓపల్ పేరు కొట్టి చూడమంది ఆర్లీన్. అలా కొట్టగానే నంబరుతో సహా వచ్చింది. నడీన్ తెర దగ్గరికి వంగి ఆ పేరు మరోసారి చూసుకుంది. ఆమె కూడా కేసు వేసింది హోబర్ట్ అనే అనుకుంటోంది ఇన్నాళ్ళూ. అందరూ అలాగే అనుకున్నారు.

పాత ఫైళ్ళన్నీ కోర్టు వెనక మూతపడ్డ జైలు గదుల్లో ఉంటాయి. బుధవారం రమ్మంది నడీన్. పిల్లల సంగతులున్న పేజీలు ఎవరికి పడితే వాళ్ళకివ్వరంటే, ఆ పిల్లల్లో ఒకదాన్ని నేనే అని ఆర్లీన్ తన పుట్టిన తేదీ సర్టిఫికెట్ కౌంటరు మీద పెట్టింది.

బుధవారం వెళ్ళేసరికి నడీన్ నకళ్ళు తీసి సిద్ధంగా ఉంచింది. తీస్తూ చదివేసిందని మొహమే చెబుతోంది. ఒక్కొక్క కాయితాన్నీ ఇనుప సీలు కింద పెట్టి, చేత్తో కాకుండా ఒళ్ళంతా బరువు వేసి నొక్కింది.

"ఆ కథ విని నేను ఎన్ని ఆదివారాలు ఏడ్చానో నీకు తెలుసా?" అంది చివరికి. "మా ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నన్ను ఎంత వెర్రిదాన్ని చేశాడు." కాయితాలు కవరులో పెట్టి ఇస్తూ, తన నోటి నుంచి ఈ సంగతి హోబర్ట్‌కు చేరదనీ, ఈ ఆదివారం మాత్రం తను ముందు బెంచీలోనే కూర్చుంటాననీ చెప్పింది.

ఆర్లీన్ ఖాళీ బస్సులో కూర్చుని చదివింది. చదివి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది, తండ్రిలా కాదు, ముక్కు కారేలా, మొహం వికారంగా పెట్టుకుని. పెళ్ళినాటి మెట్లు గుర్తొచ్చాయి. తన మీద తనకు కలిగిన అసహ్యాన్ని కూడా తీసుకెళ్ళి తండ్రి పద్దులోనే వేసింది. క్లేటన్ చేతికే ఇద్దామా అనుకుంది. కానీ తల్లి పేరు చూడగానే వాడు పొయ్యిలో పడేస్తాడు, సాయంత్రానికల్లా తండ్రి ఇంకో కథ అల్లేస్తాడు. వద్దనుకుంది, చర్చిలో అయితే వాడు వినక తప్పదు.

ఆ చర్చిలో సాక్ష్యాలకు ఒక పద్ధతి ఉంది. లేచి నిలబడ్డ మనిషిని కూర్చునేదాకా ఎవరూ ఆపకూడదు, పాస్టరు కూడా. మనిషికి ఆదివారానికి ఒక్కసారే. ఈ రెండోది హోబర్ట్ పెట్టించిందే. ఇవలీ అనే ముసలావిడ మోకాలి ఆపరేషన్ గురించి రెండేసి మూడేసి సార్లు లేచి చెబుతోందని, పెద్దల మీటింగులో బల్ల గుద్ది మరీ పెట్టించాడు. అందుకే ఆర్లీన్ ముందు లేవలేదు. తండ్రి వంతు అయిపోవాలి. ఈ వారం ఆయన ఆ కథ ఎత్తడేమోనని ఒక్కటే భయం.

ఎత్తాడు. ఎత్తడమే కాదు, కొత్త ముక్క కూడా కలిపాడు. ఆమె పశ్చాత్తాపం లేకుండానే పోయిందనీ, అయినా తను క్షమించాననీ అన్నాడు. జనం ఆమెన్ అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకుని కూర్చోగానే ఆర్లీన్ లేచింది. పర్సులోంచి కవరు తీసింది. పరిచయమూ పీఠికా ఏమీ లేకుండా, ఇది మా అమ్మా నాన్నల విడాకుల కేసు, కోర్టులో అన్న మాటలు అన్నట్టే టైపు చేశారు అని చెప్పి చదవడం మొదలుపెట్టింది.

ఓపల్ వచ్చిందా అని జడ్జి అడగ్గా, ఇక్కడే ఉన్నానండి అని ఆమె అన్నది చదివింది. ఇంటి సంగతేమిటని జడ్జి అడిగాడు. "ఇల్లు ఆయన్నే ఉంచుకోమనండి. పొలం, కారు, అన్నీ ఉంచుకోమనండి. నాకు నా పిల్లలిద్దర్నీ ఇప్పించండి." ఆమె పిల్లల్ని సరిగ్గా చూసుకోలేదా అని జడ్జి హోబర్ట్‌ను అడిగాడు. "బాగానే చూసుకుందండి. కానీ నన్ను వద్దన్న ఆడదానికి నా బిడ్డల్నెట్లా ఇస్తాను?" ఇల్లూ సంపాదనా ఉన్నవాడని పిల్లల్ని ఆయనకిచ్చి, శనివారాలు తల్లికి చూపించమన్నారు. ఆ తర్వాత ఓపల్ తన చేత్తో రాసి పెట్టుకున్న అర్జీ. శనివారం శనివారం వస్తున్నాననీ, గేటుకు గొలుసు వేసి ఉంటోందనీ, లోపల పిల్లల గొంతులు వినబడుతున్నాయనీ రాసింది.

హోబర్ట్ లేచి నిలబడ్డాడు. అవన్నీ పుట్టించిన కాయితాలన్నాడు. నడీన్ ముందు బెంచీలోంచి తల కూడా తిప్పకుండా, ఆ సీలు నేను వేసిందే అంది. ఆయన పాస్టరు వైపు తిరిగి, నన్ను జవాబు చెప్పుకోనివ్వండి అని అడిగాడు. పాస్టరు అటూ ఇటూ చూశాడు. ఇవలీ ముసలమ్మ ఆయన వంకే చూస్తోంది.

"మీ సాక్ష్యం ఈ వారానికి అయిపోయింది బ్రదర్ హోబర్ట్," అన్నాడు. "కూర్చోండి."

హోబర్ట్ కూర్చున్నాడు. ఆర్లీన్‌కు అది చూస్తే తియ్యగా అనిపించింది. ఎవరూ ఆమెన్ అనలేదు. ఎవరి కళ్ళూ తడవలేదు. ఆయన వైపు చూడకుండా ఉండటానికి జనం తమ చెప్పులూ బూట్లూ చూసుకుంటున్నారు. ఇంతమంది చూడకపోవడమంటే ఏమిటో ఆయనకు జీవితంలో మొదటిసారి తెలిసింది. అది చూసి ఆర్లీన్‌కు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ఎదురుచూసింది కూడా, కలగలేదు.

ఆమె కూర్చోబోతుంటే వెనక వరసలోంచి క్లేటన్ గొంతు వినబడింది.

"ఇంకోసారి చదువు."

పాస్టరు ఇబ్బందిగా కదిలాడు. ఆర్లీన్ వంతు కూడా అయిపోయింది మరి. క్లేటన్ లేచి, బెంచీల మధ్యనుంచి నడిచి వచ్చి అక్క చేతిలోంచి కాయితాలు తీసుకున్నాడు. మనిషి తండ్రి పోలికే, అదే పొడుగు, అవే భుజాలు.

"నాది ఇంకా అవలేదు కదా," అన్నాడు పాస్టరుతో.

మొదటి పేజీ మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాడు. హోబర్ట్ లోగొంతుకతో, ఒరేయ్ బాబూ, వద్దురా అన్నాడు. క్లేటన్ విననట్టే చదువుకుంటూ పోయాడు. నా పిల్లలిద్దర్నీ ఇప్పించండి అన్నచోట ఆగాడు. ఊపిరి పీల్చుకుని, తండ్రి మొహంలోకి చూస్తూ, ఆ వాక్యమే మళ్ళీ చదివాడు.