శిలువ మెట్ల మీద వేలం

ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా రోలండ్ వంటింటి గుమ్మంలోంచి అన్నాడు: "ఆ కుచ్చుల టోపీకి గంజి కాస్త ఎక్కువ పెట్టు గ్వెండా. పోయిన వేసవి చివర్లో మరీ గిన్నెలు తుడిచే గుడ్డలా వేలాడింది."

తలూపాను. కుడిచెయ్యి పైకెత్తితే చంకలోంచి మోచేతి దాకా తీగ పట్టి లాగినట్టుంటుంది. అందుకని ఎడమచేత్తో ఇస్త్రీ చేయడం నేర్చుకున్నాను. మార్చిలో నా కుడి రొమ్ము తీసేశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు రోలండ్ నన్ను ఎగాదిగా చూసి, "బట్టలేసుకుంటే ఏమీ తెలియదులే," అన్నాడు. మా అత్తగారు ఎనిడ్, "మా కాలంలో ఇలాంటివి బయటికి చెప్పుకునేవాళ్లం కాదు," అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మార్ల్‌ఫర్డ్‌లో వేసవి ఆదివారాలు రోలండ్‌వి. బస్సులు దిగిన జనానికి ఊరు చూపిస్తాడు. చర్చి, కొయ్య స్తంభాల సంత మండపం, రాతి వంతెన. చివరికి సంత చౌకులో నిలబెట్టిన రాతి శిలువ కింది మెట్ల దగ్గరికి తీసుకొస్తాడు. పూర్వం ఇక్కడ ఒకడు పెళ్లాం మెడలో తాడేసి తెచ్చి, పశువులతో పాటు వేలం వేశాడట. ఆ కథ ఆడి చూపిస్తే గానీ నడక ముగియదు. రోలండ్ మొగుడు, ఆ కుచ్చుల టోపీ, పాతకాలపు బట్టలు వేసుకుని నేను పెళ్లాన్ని. జనమే వేలం పాట పాడతారు. "వంటొచ్చా?" "నోరెంత పెద్దది?" అని అడుగుతారు. ఆఖరికి మాంసం కొట్టు నార్మన్ నన్ను కొనుక్కుని వీధి మలుపు దాకా తోలుకెళ్తాడు. అక్కణ్ణుంచి పరుగున ఇంటికెళ్లి, అంతకుముందే కాల్చి పెట్టిన స్కోన్ రొట్టెలు వేడిచేసి అందరికీ టీ ఇవ్వాలి. పెళ్లయినప్పటి నుంచీ ఇదే. ఆ నడకలో చూపించేవేవీ నేను అందరితో కలిసి చూడలేదు. ఆ వేళకి నా చేతులు పిండిలో ఉంటాయి.

ఆ ఆదివారం జనం బాగా వచ్చారు. రోలండ్ తాడు పట్టుకుని నా చుట్టూ తిరుగుతూ ఎప్పుడూ చెప్పేవే చెప్పాడు. "పళ్లన్నీ ఉన్నాయి. నడుం గట్టిది." జనం నవ్వారు. నవ్వు వినబడితే అతనికి ఇక ఆగాలనిపించదు. "ముందువైపు సరుకులో మాత్రం ఒకటి తగ్గింది. అందుకే ధర కూడా తగ్గించాను."

వాళ్లు ఇంకా నవ్వారు. వాళ్లకేం తెలుసు? టికెట్ల సంచీతో ముందు నిలబడ్డ మా అత్తగారికి తెలుసు. ఆవిడా నవ్వింది.

ఆ ఆటలో నాకు మాటల్లేవు. తలొంచుకుని నిలబడాలి, అంతే. నేను తలెత్తాను.

"మార్చిలో కోసేశారు," అన్నాను. "కుడివైపుది. ఇప్పటికీ చెయ్యి సరిగ్గా లేవదు."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. రోలండ్ ఒక్క క్షణం తడబడి, వెంటనే నా భుజం మీద చెయ్యేశాడు. "చూశారా, ఎంత బాగా నటిస్తుందో నా పెళ్లాం," అన్నాడు.

చప్పట్లు మొదలయ్యాయి. ఎంతకీ ఆగలేదు.

సాయంత్రం రోలండ్ మంచి హుషారు మీదున్నాడు. మిగిలిన స్కోన్‌కి వెన్న రాసుకుంటూ, "ఆ మాట ఉంచేద్దాం. ప్రతివారం. ఒకావిడ కళ్లు తుడుచుకుంది, చూశావా? కాకపోతే ఇంకాస్త ఆగి చెప్పు," అన్నాడు.

"గొంతు కూడా పెంచాలి. వెనకవాళ్లకి వినబడలేదు," అంది మా అత్తగారు.

నేను కప్పులు కడుగుతున్నాను. ఇన్ని నెలలుగా ఆ మాట పక్కమీద, స్నానాలగదిలో, దుకాణాల్లో నిలబడ్డప్పుడు నాలోనే నలిగింది. చెప్పుకోవడానికి మనిషి దొరక్క చివరికి ముక్కూ మొహం తెలియని జనం ముందు బయటపెట్టాను. అది కూడా అతని ఆటలోకి వెళ్లిపోయింది. చర్చి, వంతెన, నా కోత. కోపం రావాలి గదా, రాలేదు. భయమేసింది. వచ్చే ఆదివారం నేను నిజంగానే అతను చెప్పినట్టు కాస్త ఆగి, గొంతు పెంచి, ఆ మాట చెప్తానేమోనని. ఆ పై ఆదివారం ఇంకా బాగా చెప్తానేమోనని.

తర్వాతి ఆదివారం నేను పిండి కలపలేదు. రొమ్ము లేని చోట లోపల పెట్టుకునే మెత్త పెట్టుకోలేదు. మామూలు నీలం గౌను వేసుకుని బస్సులు ఆగే చోటికి వెళ్లాను.

"టికెట్టివ్వండి అత్తయ్యా."

"ఇదేం పిచ్చి? వెళ్లి ఆ బట్టలు వేసుకో."

డబ్బులు ఆవిడ చేతిలో పెట్టాను. నా వెనక వరసలో జనం చూస్తున్నారు. ఆవిడ పెదవులు బిగించి టికెట్టు చింపి ఇచ్చింది.

చర్చిలో ఒక వీరుడి సమాధి మీద అతని రాతి బొమ్మ పక్కనే భార్య బొమ్మ కూడా ఉంది. ఆమె ముక్కు అరిగిపోయింది. రోలండ్ ఆ వీరుడి యుద్ధాలన్నీ చెప్పాడు.

"ఈమె పేరేంటి?" అని అడిగాను.

"తెలియదు," అన్నాడు నా వైపు చూడకుండా.

వంతెన మీద గాలికి గౌను ఒంటికి అతుక్కుంది. ఒక పక్క చదునుగా ఉండటం కొందరు చూశారు, చూపు తిప్పుకున్నారు. నేను చేతులు కట్టుకోలేదు. కింద నీళ్లు చాలా తేటగా ఉన్నాయి.

చౌకులో జనం గుండ్రంగా నిలబడ్డారు. నార్మన్ సిద్ధంగా ఉన్నాడు. రోలండ్ సంచీలోంచి తాడు తీసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఇక చాలు గ్వెండా. అందరూ ఎదురుచూస్తున్నారు. పైకి రా."

"నువ్వు మొదలుపెట్టు రోలండ్," అన్నాను. "నేను చూడటానికొచ్చాను."